అంత్యప్రాస లేకుండా కవిత రాయడం

అంత్యప్రాసను వదిలిన కవిత నియమాలన్నిటినీ వదిలినట్టు కాదు. పాదాల చివర ఒకే ధ్వని వినిపించనప్పుడు కవితను నిలబెట్టే బాధ్యత లయ, పదచిత్రం, పాదవిభజనల మీద పడుతుంది కాబట్టి, వాటిలో దేన్ని ప్రధానంగా నమ్ముకుంటారో ముందుగా నిర్ణయించుకోండి.

కొత్తగా రాసేవారు హైకూతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. జపాను సంప్రదాయంలో అది 5, 7, 5 ధ్వనిమాత్రలుగా, మొత్తం 17గా నడుస్తుంది. తెలుగులో మూడు చిన్న పాదాలు చాలు, లెక్క కోసం అనవసరమైన మాటను చేర్చకూడదు. ఖాళీ ఊయల, రాలుతున్న ఆకు వంటి రెండు దృశ్యాలను పక్కపక్కన ఉంచి, వాటి సంబంధాన్ని వివరించకుండా ఆపేయండి.

సెస్టీనా అనే ఐరోపా కవితారూపంలో ప్రాసకు బదులుగా ఆరు పదాలు, ఆరేసి పాదాలుండే ఆరు చరణాల పాదాంతాల్లో స్థానం మార్చుకుంటూ తిరిగివస్తాయి. చివరి మూడు పాదాలతో కలిపి మొత్తం 39 పాదాలవుతాయి.

వచన కవితలో అన్నిటికన్నా కష్టమైనది పాదాన్ని ఎక్కడ విరవాలో తేల్చుకోవడం. ఒకే వాక్యాన్ని మూడు విధాలుగా విరిచి, ప్రతిసారీ పైకి చదివి, ఊపిరి ఆగిన చోటును, అర్థం మలుపు తిరిగిన చోటును గుర్తించండి. పాదాలన్నిటినీ కలిపి పేరాగా రాసినా ఏమీ పోలేదనిపిస్తే ఆ విరుపులు ఇంకా కుదరలేదన్నమాట. ప్రతి పాదాన్నీ క్రియతోనే ముగించకండి. తెలుగులో క్రియాంతాలు తరచుగా ఒకేలా ఉంటాయి కాబట్టి, వద్దనుకున్న అంత్యప్రాస తనంతట తానే వచ్చి చేరుతుంది.