గోడోలో పైరేట్ కత్తియుద్ధం గేమ్ ఎలా చేయాలి? ముందు దెబ్బ, తర్వాతే ఓడ

కెప్టెన్ బ్లడ్ అనే పైరేట్ గేమ్ 2025 మే 6న అమ్మకానికి వచ్చింది. పని మొదలైంది మాత్రం 2000ల తొలి ఏళ్లలోనే. 2000లో సీ డాగ్స్ తీసిన మాస్కో స్టూడియో అకెల్లా దీన్ని మొదట సముద్రమంతా తిరిగే పెద్ద రోల్ ప్లేయింగ్ గేమ్‌గా అనుకుంది. మధ్యలో ఆలోచన మారి, కత్తి పట్టుకుని వరసగా నరుక్కుంటూ పోయే హ్యాక్ అండ్ స్లాష్ అయింది. బొమ్మల తీరు మారింది, పని చేసే చేతులూ మారాయి. 2010 నాటికి గేమ్ సిద్ధమయ్యేసరికి, విడుదల చేయాల్సిన ప్లేలాజిక్ కంపెనీ దివాలా తీసింది. హక్కుల చిక్కులు కూడా తోడై గేమ్ అటకెక్కింది. దుమ్ము దులిపి బయటికి తెచ్చింది స్నెగ్ అనే సంస్థ.

దివాలాను, కోర్టు తగాదాను ఇంట్లో కూర్చుని గేమ్ చేసుకునేవాళ్లు ఆపలేరు. సగం దారిలో గేమ్ రూపమే మారిపోవడాన్ని మాత్రం ఆపొచ్చు. హ్యాక్ అండ్ స్లాష్‌లో ఆటగాడు వేలసార్లు చేసే పని కత్తి ఊపి కొట్టడమే కాబట్టి, ఆ విసురు కుదిరేదాకా కథ, మ్యాపు, ఫిరంగులు ఏవీ ముట్టుకోకూడదు. ఇక్కడ చేయబోయేది ఒక డెక్కు (ఓడ పైభాగం), ఒక పైరేటు, మూడు దెబ్బల కాంబో (ఆగకుండా వరసగా పడే దెబ్బలు), నలుగురైదుగురు శత్రువులు. గేములు తయారుచేసే గోడో 4 అనే ఇంజిన్‌లో, టూడీలో, పక్కనుంచి చూసే గేమ్. స్క్రిప్టింగ్ కాస్తో కూస్తో తెలిస్తే చాలు.

ప్రాజెక్టు సిద్ధం చేయడం

గోడో ఉచితం. అధికారిక సైట్‌లో మామూలు వెర్షన్ దించుకోండి, సీ షార్ప్‌కి పనికొచ్చే డాట్‌నెట్ వెర్షన్ ఇప్పుడు అక్కర్లేదు. ఇన్‌స్టాల్ చేసే పని లేదు, జిప్ విప్పి తెరవడమే. కొత్త ప్రాజెక్టులో రెండరర్ (బొమ్మల్ని తెర మీద గీసే భాగం) దగ్గర కంపాటిబిలిటీ ఎంచుకోండి. పాత లాప్‌టాప్‌లో నడవాలన్నా, చివర్లో బ్రౌజర్‌లో ఆడించాలన్నా అదే కావాలి.

ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో విండో సైజు 1280 బై 720, స్ట్రెచ్ మోడ్ కాన్వాస్ ఐటమ్స్ పెట్టండి. ఇన్‌పుట్ మ్యాప్‌లో ఐదు యాక్షన్లు చాలు: ఎడమ, కుడి, కత్తి, తప్పుకోవడం, పిస్తోలు. ప్రతిదానికీ కీబోర్డు కీతో పాటు గేమ్‌ప్యాడ్ బటన్ కూడా ఇప్పుడే కలపండి. చవక కీబోర్డుల్లో కొన్ని మూడు కీలు ఒకేసారి నొక్కితే ఒకదాన్ని మింగేస్తాయి. అది తెలియక మంచి కోడ్‌ని పట్టుకుని విప్పదీసేవాళ్లు చాలామంది.

తర్వాత టూడీ ఫిజిక్స్ లేయర్లకు పేర్లు పెట్టండి. 1 నేల, 2 పైరేటు ఒళ్లు, 3 శత్రువు ఒళ్లు, 4 పైరేటు కత్తి, 5 శత్రువు కత్తి, 6 పైరేటుకు దెబ్బ తగిలే చోటు, 7 శత్రువుకు దెబ్బ తగిలే చోటు. లేయర్ అంటే నేను ఎక్కడ ఉన్నాను, మాస్క్ అంటే నేను ఎవరి కోసం చూస్తున్నాను. పైరేటు కత్తి లేయర్ 4లో ఉండి మాస్క్ 7ని చూస్తుంది, శత్రువు కత్తి లేయర్ 5లో ఉండి మాస్క్ 6ని చూస్తుంది. ఒళ్లు రెండూ నేలను మాత్రమే చూడాలి. ఒకదాన్నొకటి చూసేలా పెడితే పైరేటు శత్రువు నెత్తి మీదెక్కి నిలబడతాడు.

పైరేటు నిర్మాణం

గోడోలో గేమ్‌ని కట్టే ఒక్కో ముక్క ఒక నోడ్. మూల నోడ్ క్యారెక్టర్‌బాడీ 2డీ. దాని కింద ఒళ్లుకి ఒక కొలిజన్ షేప్ (ఢీకొనే హద్దు), వెడల్పు 48, ఎత్తు 96 పిక్సెళ్లు. దెబ్బ తగిలే చోటుకి లేయర్ 6లో ఒక ఏరియా 2డీ (ఎవరు తగిలారో పట్టుకునే నోడ్) కూడా ఉండాలి. ఇంకో పిల్ల నోడ్‌గా మామూలు నోడ్ 2డీ పెట్టి దానికి 'ఇరుసు' అని పేరు పెట్టండి. బొమ్మ, కత్తి ఏరియా 2డీ రెండూ ఈ ఇరుసు కిందే ఉండాలి. పైరేటు ఎడమకు తిరిగినప్పుడు ఇరుసు స్కేల్ ఎక్స్‌ని మైనస్ 1 చేయండి. ఆ పని మూల నోడ్‌కే చేస్తే పైరేటు ప్రతి ఫ్రేమ్‌కీ అటూ ఇటూ తిరుగుతూ పిచ్చెక్కినట్టు చేస్తాడు, ఎందుకంటే ఎక్స్‌లో మైనస్ స్కేల్‌ని ఇంజిన్ తన లోపలి లెక్కలో తిప్పడంగా, వై తిరగబడడంగా మార్చుకుంటుంది.

కత్తి ఏరియా కొలత 72 బై 40. అది బొమ్మలో కత్తి మొదలయ్యే చోట కాకుండా పైరేటు ఒంటి లోపల నుంచే మొదలవ్వాలి. లేకపోతే శత్రువు మీదికి అంటుకుపోయినప్పుడు కత్తి వాణ్ని దాటి అవతల గాలిని కోస్తుంది. పైరేటు కత్తి ఏరియా గీసిన కత్తి కన్నా పదో వంతు పెద్దగా, శత్రువుది గీసిన దానికన్నా కాస్త చిన్నగా ఉంచండి. ఈ చిన్న మోసం ఆటగాడి వైపే ఉంటుంది కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు.

బొమ్మలు ఇప్పుడే వద్దు. రంగు డబ్బాలతో ఆడితే బాగుండాలి. డబ్బాలతో బాగోని కత్తియుద్ధం మంచి బొమ్మలు వేసినా బాగుపడదు.

మూడు దెబ్బల లెక్క

గోడోలో ఫిజిక్స్ మామూలుగా సెకనుకు 60 సార్లు నడుస్తుంది. అంచేత దెబ్బల్ని సెకన్లలో కాక ఫ్రేముల్లో, అంటే ఆ అడుగుల్లో, లెక్కపెట్టండి. ప్రతి దెబ్బకీ మూడు భాగాలు ఉంటాయి: కత్తి ఎత్తడం, కత్తి కోసే సమయం, తేరుకోవడం.

మొదటి దెబ్బ 6, 4, 14 ఫ్రేములు. రెండోది 5, 4, 15. మూడోది 11, 5, 24. అంటే మొదటి రెండూ ఒక్కోటి 0.4 సెకన్లు, మూడోది 0.67 సెకన్లు. నష్టం 10, 10, 25. మామూలు శత్రువు ప్రాణం 45 పెడితే పూర్తి కాంబో పడితేనే చస్తాడు, మధ్యలో ఆగితే బతికిపోతాడు. ఆటగాడికి మూడో దెబ్బ దాకా వెళ్లాలన్న ఆశ పుట్టేది అక్కడే.

యానిమేషన్ ప్లేయర్‌లో టైమ్‌లైన్‌ని సెకన్ల నుంచి ఎఫ్‌పీఎస్‌కి మార్చి 60 పెట్టండి. కత్తి కొలిజన్ షేప్‌కి ఉన్న డిజేబుల్డ్ అనే గుణానికి రెండు కీలు వేయాలి: మొదటి దెబ్బకైతే ఆరో ఫ్రేమ్ దగ్గర ఆఫ్ (కత్తి కోయడం మొదలు), పదో ఫ్రేమ్ దగ్గర ఆన్ (కోయడం బంద్). యానిమేషన్ ప్లేయర్ నడిచే పద్ధతిని ఐడిల్ నుంచి ఫిజిక్స్‌కి మార్చడం మరిచిపోవద్దు. ఇంజిన్ ఢీకొనడాల్ని ఫిజిక్స్ అడుగుకోసారే చూస్తుంది. కోసే సమయాన్ని ఒకే ఫ్రేమ్‌కి కుదిస్తే కొన్ని దెబ్బలు తగలకుండానే పోతాయి. మూడు కన్నా తగ్గించకండి.

ఇక్కడ తరచూ వచ్చే తప్పులు మూడు.

శత్రువు దెబ్బ తిని వెనక్కి వెళ్లి, అదే విసురులో మళ్లీ కత్తిలోకి వస్తే రెండుసార్లు నష్టం పడుతుంది. ఈ విసురులో ఎవరెవరు తిన్నారో ఒక జాబితాలో రాసుకుని, కొత్త విసురు మొదలైనప్పుడు దాన్ని ఖాళీ చేయండి.

రెండోది కనిపెట్టడం కష్టం. కత్తి కోస్తుండగా పైరేటే దెబ్బ తింటే విసురు యానిమేషన్ మధ్యలో ఆగిపోతుంది, కత్తిని ఆపే కీ దాకా వెళ్లదు. ఇక కత్తి తెరుచుకునే ఉండిపోతుంది. ఊరికే నడుస్తుంటే శత్రువులు తగిలి చచ్చిపోతుంటారు. దెబ్బ తిన్న స్థితిలోకి వెళ్లగానే కత్తి షేప్‌ని కోడ్‌తోనే మూసేయండి. అలా మూసేటప్పుడు మూడో తప్పు ఎదురవుతుంది. ఢీకొన్న సిగ్నల్ లోపలి నుంచే డిజేబుల్డ్‌ని మారిస్తే ఇంజిన్ ఎర్ర అక్షరాల్లో గోల చేస్తుంది. సెట్ డిఫర్డ్ వాడితే ఆ ఫ్రేమ్ లెక్క అయిపోయాక మారుస్తుంది.

డీబగ్ మెనూలో విజిబుల్ కొలిజన్ షేప్స్ టిక్ పెట్టుకుని ఆడితే ఇవన్నీ కంటికే కనబడతాయి.

ముందే నొక్కిన బటన్‌ను దాచుకోవడం

ఆటగాళ్లు బటన్‌ని సరిగ్గా సమయానికి నొక్కరు, ముందే నొక్కేస్తారు. ఆ నొక్కుడిని పారేస్తే మూడో దెబ్బ రాదు, 'గేమ్ వినట్లేదు' అంటారు. కత్తి బటన్ నొక్కిన ఫ్రేమ్ నంబరు గుర్తుపెట్టుకోండి. తేరుకునే భాగంలో నాలుగు ఫ్రేములు గడిచాక, ఆ నొక్కుడు 9 ఫ్రేముల లోపుదైతే తర్వాతి దెబ్బ మొదలెట్టండి. 9 ఫ్రేములంటే 0.15 సెకన్లు. 20కి పెంచితే ఎప్పుడో నొక్కింది ఇప్పుడు పేలి, పారిపోవాలనుకున్న పైరేటు ఆగి కత్తి విసురుతాడు.

తప్పుకోవడం మొత్తం 18 ఫ్రేములు, వేగం సెకనుకు 420 పిక్సెళ్లు. అంటే 126 పిక్సెళ్ల దూరం. అందులో 3 నుంచి 12వ ఫ్రేమ్ దాకా దెబ్బ తగలకూడదు.

దెబ్బకు బరువు

ఇంతదాకా లెక్క సరిపోయినా కత్తి దిండును కొట్టినట్టే ఉంటుంది. బరువు తెచ్చేవి ఆగడం, వెనక్కి తోయడం, కెమెరా అదరడం. వీటిలో ముఖ్యం ఆగడం.

తగిలిన క్షణాన ఇంజిన్ టైమ్ స్కేల్‌ని 0.05కి దించి, 0.06 సెకన్ల తర్వాత 1కి తేవాలి. ఆ 0.06 లెక్కించడానికి క్రియేట్ టైమర్ వాడితే దాని నాలుగో ఆర్గ్యుమెంట్, అంటే టైమ్ స్కేల్‌ని పట్టించుకోవద్దు అనేది, ట్రూ చేయాలి. చేయకపోతే టైమర్ కూడా ఇరవయ్యో వంతు వేగంతో నడిచి ఆట 1.2 సెకన్లు బిగుసుకుపోతుంది. ఒకే విసురులో నలుగురు తగిలితే నాలుగుసార్లు ఆగకూడదు, విసురుకి ఒక్కసారే. మూడో దెబ్బకు 0.1 దాకా పెంచొచ్చు.

వెనక్కి తోసే వేగం 260, తగ్గేది సెకనుకు 1400 చొప్పున. అలా అయితే శత్రువు దాదాపు 24 పిక్సెళ్లు జరుగుతాడు, కత్తి అందేంత దూరంలోనే ఉంటాడు. ఇంకా గట్టిగా తోస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ రెండో దెబ్బ గాల్లో పోతుంది. అందుకే పెద్ద తోపు మూడో దెబ్బకే దాచుకోండి. కెమెరా ఆఫ్‌సెట్‌ని 0.12 సెకన్లపాటు 4 పిక్సెళ్లు కదిపితే చాలు.

శత్రువులు

శత్రువు కత్తి ఎత్తే సమయం 30 ఫ్రేములు ఉండాలి. అర సెకను కన్నా తక్కువైతే కొత్తవాళ్లు తప్పుకోలేరు. ఎత్తేటప్పుడు డబ్బా రంగు మార్చండి.

గుంపు అంతా ఒకేసారి కొడితే ఆట కాదు, శిక్ష. ఒక మేనేజర్ నోడ్ దగ్గర రెండు టోకెన్లు ఉంచండి. టోకెన్ దొరికినవాడే కొడతాడు, మిగతావాళ్లు 120 పిక్సెళ్ల దూరంలో తచ్చాడుతుంటారు. కొట్టాక టోకెన్ తిరిగివ్వాలి. కొడుతూ కొడుతూ చచ్చినవాడు టోకెన్ పట్టుకుపోతే, ఇద్దరు అలా పోయాక మిగతావాళ్లంతా దిష్టిబొమ్మల్లా నిలబడిపోతారు. చావు ఫంక్షన్‌లో టోకెన్ వాపసు తప్పనిసరి. శత్రువులు ఒకరి మీద ఒకరు పడి కలిసిపోకుండా, దూరం 40 కన్నా తగ్గితే సెకనుకు 60 పిక్సెళ్ల వేగంతో మెల్లగా విడదీయండి.

లావుపాటి శత్రువు కోసం శత్రువు నోడ్‌ని డూప్లికేట్ చేసి షేప్ పెద్దది చేస్తే పాతవాడి షేపూ పెరుగుతుంది. రిసోర్స్ ఇద్దరికీ ఒకటే కాబట్టి. ముందు మేక్ యునీక్ నొక్కండి.

ఇది పైరేట్ గేమ్ అనిపించేవి

డెక్కు 1600 పిక్సెళ్ల పొడవు, స్టాటిక్‌బాడీ 2డీ. రెండు చివరలా ఖాళీ వదిలి, కింద నీళ్ల దగ్గర ఒక ఏరియా పెట్టండి. మూడో దెబ్బ తోపుకి అంచు దాటినవాడు సముద్రంలో పడి పోవాలి. చవకైన ఉపాయమే, కానీ ఇది చేరాక ఆటగాడు ఎక్కడ నిలబడి కొట్టాలో ఆలోచిస్తాడు.

చకముకి పిస్తోలు ఒక్క గుండుదే, నింపడానికి చాలాసేపు పట్టేది. ఆ నిజాన్నే నియమం చేసుకోండి. ఒకే గుండు ఇచ్చి, ఐదు కత్తి దెబ్బలు తగిలితే మళ్లీ నిండేలా పెట్టండి. దూరంగా నిలబడి కాల్చుకుంటూ పోయే బద్ధకం దానితో పోతుంది.

ఓడ ఊగాలనిపిస్తే నేలను తిప్పొద్దు, పాత్రలు జారి దెబ్బలు గురి తప్పుతాయి. కెమెరాని అటూ ఇటూ 1.5 డిగ్రీలు, ఐదు సెకన్లకో ఊపు చొప్పున తిప్పండి. కెమెరా 2డీలో ఇగ్నోర్ రొటేషన్ ముందే ఆన్‌లో ఉంటుంది. దాన్ని తీసేయకపోతే ఎంత తిప్పినా తెర కదలదు.

దాచుకోవడం, పంచడం

ప్రాజెక్టుని గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రామ్) పెట్టండి. చుక్క గోడో ఫోల్డర్‌ని గిట్ ఇగ్నోర్‌లో చేర్చండి, అది మళ్లీ తయారవుతుంది. స్నేహితులు బొమ్మలో సంగీతమో చేసిస్తుంటే, అవి ఎవరివి, గేమ్ అమ్మితే ఎవరికెంత, ఎవరైనా మధ్యలో వదిలేస్తే వాడుకోవచ్చా అన్న మూడింటికీ జవాబులు ఈమెయిల్‌లోనైనా రాసిపెట్టుకోండి. నెట్ నుంచి తెచ్చిన బొమ్మలైతే లైసెన్స్ ఫైల్‌ని వాటి పక్కనే ఉంచండి. కెన్నీ పైరేట్ కిట్ లాంటి సీసీ జీరో (హక్కులు వదిలేసి ఇచ్చిన) బొమ్మలకు పేరు వేయనక్కర్లేదు, కానీ ఆ కిట్ త్రీడీ, ఈ టూడీ గేమ్‌కి నేరుగా పనికిరాదు.

బ్రౌజర్‌లో ఆడించడానికి గోడో 4.3 లేదా ఆ తర్వాతి వెర్షన్‌తో వెబ్ ఎక్స్‌పోర్ట్ చేయండి, థ్రెడ్స్ ఆఫ్‌లోనే ఉంచండి. ప్రధాన ఫైల్ పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అయి ఉండాలి. మొత్తం జిప్ చేసి గేములు పంచుకునే ఇచ్ డాట్ ఐఓ సైట్‌లో పెట్టి నలుగురికి లింకు పంపండి. కుదిరితే ఒకరి పక్కన కూర్చుని, నోరు మెదపకుండా చూడండి. మూడో దెబ్బ తర్వాత బటన్ వదిలి దూరం జరుగుతున్నారా, లేక ఒకటే పనిగా నొక్కుతున్నారా? నొక్కుతూనే ఉంటే శత్రువుల టోకెన్లు మూడుకు పెంచి మళ్లీ ఆడించండి. ఫిరంగుల పని ఆ తర్వాత.