ఇంటి పెద్దల వృత్తి పదాలను సేకరించడం ఎలా

చదువు, ఉద్యోగం, ఫోను అన్నీ ఇంగ్లీషులోకి మారిన ఇళ్లలో మొదట కనుమరుగయ్యేవి వృత్తి పదాలే, అంటే సేద్యం, నేత వంటి పనుల్లో వాడే మాటలే. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయించబడింది. ఆ పనిని మన ఊరి మేరకు మనమూ కొనసాగించవచ్చు.

వాడుకలో లేని నాగలి ఒకటి దొరికితే, దాన్ని తాతగారి ముందు పెట్టి, ఒక్కొక్క భాగాన్నీ వేలితో చూపిస్తూ, "దీన్ని మీరేమంటారు?" అని మాత్రమే అడగండి. మేడి, కర్రు, నొగ వంటి మాటలు చేతి కదలికతో పాటే నోటికి వస్తాయి. "దీన్ని కర్రు అంటారు కదా?" అని మనమే పేరు అందిస్తే, మర్యాదకు ఆయన అవునంటారు, అసలు మాట పోతుంది. ఇదే నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే జాగ్రత్త.

అనుమతి తీసుకుని ఫోనులో రికార్డు చేయండి. విన్న ఉచ్చారణనే రాయండి, పాఠ్యపుస్తకపు రూపంలోకి దిద్దకండి. ప్రతి మాటకూ ఆయన నోటి వాక్యం ఒకటి, ఊరు, మండలం, వృత్తి, తేదీ జతచేయండి. వస్తువు ఫోటో కూడా ఉంచండి. సొరకాయనే మరొకరు ఆనపకాయ అంటే రెండూ రాసుకోవాలి, ఏదీ తప్పు కాదు.

ఇంట్లో కోయ, గోండి, కొలామి మాట్లాడేవారుంటే వారి మాటలతోనే మొదలుపెట్టండి. ఆదిలాబాద్ ప్రాంతపు గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లలో, ఫోన్లలో లిపులను రాసే ప్రమాణంలో, చోటు దక్కింది. సేకరించిన పదాలను ఎవరైనా రాయగలిగే ఆన్‌లైన్ నిఘంటువు తెలుగు విక్షనరీలో చేర్చవచ్చు.