మాస్కు అలవాటు చేసుకోవడం ఎలా?

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసేవాళ్లకి ముక్కుకి గుడ్డ కట్టుకోమని ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఘాటే చెబుతుంది. కరోనా వైరస్‌కి ఘాటు ఉండదు. అందుకే 2020లో మాస్కు అలవాటు కావడం మనకి అంత కష్టమైంది. మళ్లీ అలాంటి రోజులు వస్తే పనికొస్తుందని, విజయవాడలో మా ఇంట్లో ఎలా నేర్చుకున్నామో రాస్తున్నాను.

1. ముందు గుడ్డ చూసుకోండి

గుడ్డ మాస్కుకి మూడు పొరలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్‌లో చెప్పింది. లోపలి పొర తడి పీల్చే నూలుది, బయటి పొర తొందరగా తడవనిది అయితే మంచిది. ముందువైపు వాల్వు ఉన్నవి వద్దు. మనం వదిలే గాలి దాంట్లోంచి వడకట్టకుండానే బయటికి పోతుంది, ఎదుటివాళ్లకి రక్షణ ఉండదు.

2. ఇంట్లోనే మొదలుపెట్టండి

మా నాన్నగారు మొదటిరోజే మాస్కు పెట్టుకుని మిట్టమధ్యాహ్నం బీసెంట్ రోడ్డుకి వెళ్లారు. ఊపిరాడట్లేదని టెన్షన్ పడి అక్కడే తీసేశారు. మర్నాటి నుంచి ఇంట్లో టీవీ చూస్తూ పది నిమిషాలు పెట్టుకోమన్నాం. తర్వాత అరగంట. ఆ తర్వాత వీధి చివర పాల దుకాణం దాకా. వారం తిరిగేసరికి ఆ కంగారు పోయింది.

ఆక్సిజన్ అందదనే భయం చాలామందికి ఉంటుంది. గుడ్డలోని సందులతో పోలిస్తే ఆక్సిజన్ అణువు ఎన్నో రెట్లు చిన్నది, హాయిగా లోపలికి వస్తుంది. ఉక్కగా అనిపించేది మన ఊపిరి వేడి, తడి వల్ల. నోటితో కాకుండా ముక్కుతో నిదానంగా పీల్చి వదలండి. ఆస్తమా, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగాలి. ఐదేళ్లలోపు పిల్లలని బలవంతపెట్టొద్దు.

3. ముఖానికి సరిగ్గా కుదిరిందా?

సగం చిరాకు ఇక్కడే ఉంది. కళ్లజోడు మీద ఆవిరి పడుతోందంటే గాలి పైనుంచి తప్పించుకుంటోందన్నమాట. ముక్కు మీద తీగని గట్టిగా నొక్కి, కళ్లజోడుని మాస్కు అంచు మీదికి దించండి. చెవులు నొప్పి పుడితే తల వెనక ముడివేసే రకం వాడండి. వినికిడి మిషను పెట్టుకునే పెద్దవాళ్లకీ ఇదే నయం. గడ్డం బయటికి కనిపిస్తే మాస్కు చిన్నదైనట్టే.

4. మన ఎండకి తగ్గట్టు

మే నెలలో బెజవాడ ఎండకి గంటలోనే మాస్కు చెమటతో ముద్దవుతుంది. తడిసిన గుడ్డలోంచి గాలి పీల్చడం కష్టం. సంచిలో ఇంకో రెండు పెట్టుకోండి, వాడినవి వేయడానికి విడిగా ఒక కవరు కూడా. రైతుబజారు పని పొద్దున్నే ముగించుకోండి.

5. మాట్లాడేటప్పుడు దించకండి

దాదాపు అందరం చేసే పొరపాటు ఇదే. ఫోన్ రాగానే మాస్కుని గడ్డం కిందికి లాగేస్తాం. మాట్లాడేటప్పుడే కదా నోటి తుంపర్లు ఎక్కువగా పడేది! వినపడకపోతే కాస్త నిదానంగా, స్పష్టంగా చెప్పండి.

6. ఇంటికి రాగానే

ముందు భాగం ముట్టుకోకుండా తాళ్లు పట్టుకుని తీయండి. సబ్బుతో చేతులు కడుక్కోండి. గుడ్డ మాస్కుని రోజూ సబ్బునీళ్లతో ఉతికి ఎండలో ఆరేయండి. ఆరినవి తలుపు పక్కన బండి తాళాల మేకుకే తగిలించండి. మా నాన్నగారు మర్చిపోకుండా ఉండటానికి అదే బాగా పనిచేసింది.