టెంటు అనగానే ఇంట్లో గొడవా? ఎక్కడ తేడా కొడుతోందో చూడండి

శుక్రవారం రాత్రి ఒకరు "మారేడుమిల్లి వెళ్దామా" అంటారు, రెండోవాళ్లు టీవీ సౌండ్ పెంచుతారు. ఆ అడవుల ఊరు రాజమండ్రి నుంచి 85 కిలోమీటర్లే, అందుకే గొడవ ఎక్కువ, దూరం అని తప్పించుకునే వీల్లేదు. అడవి పిచ్చి మొగుడికే ఉంటుందని ఏం లేదు, కోనసీమలో చాలా ఇళ్లలో బ్యాగు ముందు సర్దేది ఆవిడే.

సమస్య: "చూద్దాంలెండి" అంటారు, ఆ చూడ్డం ఎప్పటికీ అవ్వదు

కారణం చాలాసార్లు బాత్రూమ్. పైకి మాత్రం దోమలనో పిల్లల పరీక్షలనో చెప్తారు. ఆరుబయటికి వెళ్లాల్సొస్తుందేమోనని పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా, సాయంత్రానికి తలనొప్పితో కూర్చున్న మనిషికి జలపాతం ఎంత బాగుంటే మాత్రం ఏం లాభం?

జలపాతం ఫొటోలు చూపించడం ఆపి, ఉండబోయే చోటుకి ఫోన్ చేసి బాత్రూమ్ ఫొటో పంపమనండి. మొదటిసారికి గదే తీసుకోండి, టెంటు సరదా ముందు మీ డాబా మీద తీర్చుకోవచ్చు. బాత్రూమ్ లేని చోటికే వెళ్లాలంటే చిన్న పార, చుట్టూ కట్టడానికి నాలుగు దుప్పట్లు పట్టుకెళ్లి, వాగుకి కనీసం 60 మీటర్ల అవతల జానెడు లోతు గొయ్యి తీసి, పనయ్యాక మట్టి కప్పేయండి. ఆవిడ పీరియడ్స్ ఎప్పుడో అడిగి తేదీలు పెట్టుకోండి. అది అడగడానికి సిగ్గుపడేవాడికి టెంటెందుకు?

సమస్య: వస్తారు, కానీ చీకటి పడగానే "ఇంటికెళ్లిపోదాం"

భయం. అదీ ఉత్తుత్తి భయం కాదు. కట్లపాము తిరిగేది రాత్రే, నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, కాటు పెద్దగా నొప్పి కూడా పెట్టదు. వరిచేల మధ్య పెరిగిన మనిషికి ఈ సంగతి మీకన్నా బాగా తెలుసు, అలాంటప్పుడు "ఏం కాదులే" అంటే ఒళ్లు మండుతుంది. పడవ విషయమూ అంతే. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర పాపికొండలకి వెళ్తున్న టూరిస్టు బోటు మునిగిన సంగతి గోదావరి జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు, పాపికొండలకి రానంటే పిరికితనం అనకండి.

ధైర్యం చెప్పకండి, ఏర్పాట్లు చూపించండి. అడుగు కుట్టేసి ఉన్న టెంటు, లోపలికి రాగానే జిప్పు, ఇద్దరికీ చెరో టార్చి, పొద్దున్నే బూట్లు దులిపి వేసుకోవడం. ఏజెన్సీలో మలేరియా ఉంది కాబట్టి దోమల మందు, నిండు చేతుల చొక్కా తప్పదు. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం ఏమీ లేకుండా, ఆ చెయ్యో కాలో కదపకుండా ఆస్పత్రికి వెళ్లాలని, దారిలో రంపచోడవరంలో ప్రభుత్వాస్పత్రి ఉందని బయల్దేరకముందే మాట్లాడుకోండి. అడవిలో ఎక్కడ పడితే అక్కడ టెంటు వేయనివ్వరు కూడా, అటవీ శాఖ వాళ్లని అడిగి వాళ్లు చెప్పిన చోటే ఉంటే సగం భయం తగ్గుతుంది. వరద నెలల్లో ఇసుక తిన్నె మీద పడుకోవడం మాత్రం ఎంత సరదా ఉన్నా వద్దు, పైన ఎక్కడో వాన పడితే రాత్రికి రాత్రి నీళ్లొస్తాయి.

సమస్య: టెంటు దగ్గర మొహం మాడ్చుకుని కూర్చోవడం

స్టవ్, గిన్నెలు, ఉల్లిపాయలు తరగడం, అన్నీ ఇంట్లో చేసే మనిషే అక్కడా చేస్తుంటే దాన్ని సెలవు అనరు. ఎవరికి సరదానో వాళ్లే వండి, వాళ్లే గిన్నెలు తోమాలి. చేతకాకపోతే మారేడుమిల్లి రోడ్డు పక్కన బొంగు చికెన్ దొరుకుతుంది, గొడవ ఖర్చుతో పోలిస్తే చవకే.

ఇంకో చిన్న విషయం, ఏప్రిల్, మే నెలల్లో టెంటులో పడుకుంటే ఎంత ఇష్టం ఉన్నవాళ్లకైనా ఉక్కకి విరక్తి పుడుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి, గుడిస కొండ మీదకైతే ఆ రోజుల్లో స్వెట్టర్ కావాలి.

సమస్య: పగలు ఎక్కడికైనా వస్తాడు, రాత్రి ఉండమంటే ససేమిరా

రొయ్యల చెరువుందా? అయితే మీ మీద ఇష్టం లేక కాదు. చెరువు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే, అప్పుడు కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే పంట మొత్తం పోవచ్చు, అప్పు మాత్రం ఉంటుంది. ఆ మనిషిని బలవంతంగా సిగ్నల్ లేని కొండ మీద పడుకోబెడితే రాత్రంతా ఫోన్ పైకెత్తి తిరుగుతాడు, మీకూ నిద్రుండదు. పంట తీసి చెరువు ఎండబెట్టిన వారాల్లో పెట్టుకోండి. అప్పటిదాకా కోరింగ ఉంది. కాకినాడకి దగ్గర, మడ అడవిలో చెక్క వంతెన మీద నడిచి, నీటి కుక్కలు కనపడతాయేమో చూసి చీకటి పడేలోపు వచ్చేయొచ్చు. పోటు మీదున్నప్పుడు పడవ పాయల్లోకి బాగా వెళ్తుంది, కాబట్టి వెళ్లేముందు ఆటుపోట్ల టైము అడగండి.

సమస్య: ఫ్రెండ్స్‌తో వెళ్లొస్తే వారం రోజులు మాటల్లేవు

వెళ్లినందుకు కోపం తక్కువ, ఆదివారం అత్తగారినీ పిల్లల్నీ ఒక్క మనిషి మీద వదిలేసి వెళ్లినందుకు ఎక్కువ. మీరు ఎన్ని రోజులు తిరిగితే అన్ని రోజులు వాళ్లవి, పుట్టింట్లో పడుకుంటారో సినిమాకెళ్తారో వాళ్లిష్టం, ఆ రోజుల్లో ఇల్లు మీది. ఊరు దాటాక చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, అందుకే ఎక్కడ ఉంటారో, ఎన్నింటికి రోడ్డెక్కుతారో కాగితం మీద రాసిచ్చి వెళ్లండి. వస్తూ దారిలో సిగ్నల్ తగలగానే ఫొటోలు స్టేటస్‌లో పెట్టకముందే ఇంటికి ఫోన్ చేయండి.