పాత ఎంజీబీ మిస్ కొడుతుంటే: కార్బురేటర్ జోలికి పోయే ముందు

ఇంగ్లండ్‌లోని ఆబింగ్‌డన్ పట్టణంలో 1962 నుంచి 1980 వరకు ఐదు లక్షలకు పైగా తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారును నేటికీ చాలామంది ముచ్చటపడి కొనుక్కుంటున్నారు. దాని 1798 సీసీ ఇంజిన్ మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ ఇంజిన్‌కు తమ్ముడి వరస. రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బీ-సిరీస్ కుటుంబానికి చెందినవే కాబట్టి, అంబాసిడర్‌ను విప్పి బిగించిన మెకానిక్‌కు ఇందులో కొత్తగా కనిపించేది తక్కువే.

ఇలాంటి బండి పొద్దున్నే ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోకపోయినా, అందుకున్నాక మిస్ కొడుతూ వణుకుతున్నా, యజమాని చెయ్యి ముందుగా గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కు పంపే జంట ఎస్‌యూ రకం కార్బురేటర్ల మీదికే పోతుంది. అక్కడే పని చెడుతుంది. కార్బురేటర్ సెట్టింగు రాత్రికి రాత్రి దానంతటదే మారదు. స్పార్కు కోసం కరెంటును తెంచి కలిపే పాయింట్లు అరుగుతాయి, వాటికి తోడుండే కండెన్సర్ పోతుంది, తీగలు లోపల తెగుతాయి, వాల్వుల సందు మారుతుంది. వీటిలో ఏదో ఒక లోపాన్ని కప్పిపుచ్చడానికి కార్బురేటర్ స్క్రూలు తిప్పితే, ఒక్క లోపం ఉన్న చోట రెండు తయారవుతాయి. కనుక ముందు బ్యాటరీ, తర్వాత వాల్వులు, ఆపైన ఇగ్నిషన్, చివరకు పెట్రోలు అనే వరుస తప్పకూడదు. ఒకసారికి ఒక్క మార్పే చేసి, చేసినది కాగితం మీద రాసుకుని, బండి నడిపి చూశాకే తర్వాతి పనికి వెళ్లాలి.

సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే మీటరును బ్యాటరీకి తగిలించి, తిరుగుతున్నంతసేపు వోల్టేజీని చూడండి. అది పదికి బాగా దిగువకు పడితే ప్లగ్గులకు చాలినంత స్పార్కు అందదు. తొలి నమూనాలలో సీట్ల వెనుక రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి, వాటిని కలిపే తీగ బిగింపుల్లో తుప్పు చేరడం మామూలే. 1967 వరకు వచ్చిన బండ్లలో బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలుస్తుందని మరవకండి. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని తప్పక పరిశీలించాలి. అది తెగినా తుప్పుపట్టినా సెల్ఫ్ కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది, ఆ దారి తరచుగా డ్యాష్‌బోర్డు నుంచి కార్బురేటర్లకు వెళ్లే చోక్ తీగే అవుతుంది. సెల్ఫ్ కొట్టాక చోక్ తీగ చేతికి వేడిగా తగిలితే ఎర్త్ పట్టీ పోయిందని నమ్మవచ్చు.

తర్వాత ట్యాపెట్లు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్ చేతికీ మధ్య ఉండే సందు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ప్రతి వాల్వుకూ 0.015 అంగుళాలు, అంటే 0.38 మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఎనిమిది వాల్వులలో ఏది పూర్తిగా తెరుచుకుని ఉందో చూసి, ఆ సంఖ్యతో కలిపితే తొమ్మిది వచ్చే వాల్వును సరిచేయాలి: ఎనిమిదోది తెరిచి ఉంటే ఒకటోది, ఆరోది తెరిచి ఉంటే మూడోది. ట్యాపెట్లు చప్పుడు చేయడం లేదని సంతోషించకండి. సీసం లేని పెట్రోలుతో నడిచే పాత హెడ్డులలో ఎగ్జాస్ట్ వాల్వు తన సీటులోకి కొద్దికొద్దిగా దిగబడుతుంది, దాంతో సందు తగ్గుతూ పోయి, చివరకు వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. సందు సరిచేశాక, ఇంజిన్ వేడిగా ఉండగా నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) కొలవండి. నాలుగు అంకెలూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నదే ఇక్కడ ముఖ్యం. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో తక్కువ వస్తే హెడ్ గ్యాస్కెట్‌ను, ఒక్కదానిలో తక్కువై చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోశాక పెరిగితే రింగులను, ఆయిల్ పోసినా పెరగకపోతే వాల్వును అనుమానించాలి.

అసలు ఓపిక చూపవలసినది ఇగ్నిషన్ దగ్గర. తీసిన ప్లగ్గులను సిలిండర్ల వరుసలోనే పేర్చి చూడండి. లేత గోధుమరంగు మంచిది. పెట్రోలుతో తడిసి ఉంటే స్పార్కు అందడం లేదు, లేదా ఇంజిన్ ఫ్లడ్ అయింది. ఈ ఇంజిన్‌లో ముందు కార్బురేటర్ ఒకటి, రెండు సిలిండర్లకు, వెనుకది మూడు, నాలుగుకు మిశ్రమాన్ని పంపుతుంది కాబట్టి, ఒక జంట మాత్రమే నల్లబడితే ఆ వైపు కార్బురేటర్‌ను గుర్తుపెట్టుకోండి, ఒంటరిగా ఒక్కటే నల్లబడితే ఆ ప్లగ్గునో దాని తీగనో మార్చి చూడండి. ప్లగ్ గ్యాప్ ఎక్కువ నమూనాలలో 0.025 అంగుళాలు, పాయింట్ల గ్యాప్ 0.014 నుంచి 0.016 అంగుళాలు. సిలిండర్లకు స్పార్కు అందే తీగల వరుస 1-3-4-2, డిస్ట్రిబ్యూటర్‌లో తిరుగుతూ ప్లగ్గులకు స్పార్కు పంచే రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది.

డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, మంచి వెలుతురులో లోపలికి చూడండి. పాయింట్లు బిగించిన పలకనుంచి డిస్ట్రిబ్యూటర్ గోడకు ఒక చిన్న, వేలెడంత కూడా లేని అల్లిక తీగ ఉంటుంది. వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పుతో స్పార్కు సమయాన్ని ముందుకు జరిపే భాగం) పలకను లాగిన ప్రతిసారీ ఆ తీగ వంగుతుంది, ఏళ్ల తరబడి వంగివంగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. ఐడ్లింగ్‌లో కుదురుగా ఉండి, యాక్సిలరేటర్ కొంచెం తొక్కగానే మిస్ కొట్టే బండిలో నేను ముందుగా చూసేది దీన్నే. చిన్న స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా కదిపితే, పైకి నిండుగా కనిపించే అల్లిక రెండు మూడు పోగుల మీద వేలాడుతూ దొరుకుతుంది. స్పార్కు పుట్టించే కాయిల్ నుంచి పాయింట్లకు వచ్చే తీగకూ ఇదే జబ్బు.

వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే బండిలో కండెన్సర్‌నూ కాయిల్‌నూ అనుమానించాలి. పాయింట్ల మధ్య స్పార్కు పెద్దగా కనిపిస్తుంటే కండెన్సర్ పోయినట్టే, దాని ధర తక్కువ, మార్చి చూడడమే మేలు. ఈమధ్య దొరికే రోటర్లలో నాసిరకం చాలా ఉన్నాయి. ఇత్తడి ముక్కను పట్టి ఉంచే రివెట్ గుండా స్పార్కు లోపలి ఇరుసులోకి కారిపోతుంది. కాయిల్ నుంచి వచ్చే లావు తీగను ఇన్సులేషన్ ఉన్న కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని, రోటర్ మీది ఇత్తడికి మూడు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంచి, సెల్ఫ్ కొట్టించండి. స్పార్కు ఇత్తడి మీదికి దూకుతూ ఉంటే ఆ రోటర్‌ను పారేయవలసిందే. ఈ పరీక్ష చేసేటప్పుడు దగ్గరలో పెట్రోలు కారి ఉండకూడదు.

ఇగ్నిషన్ సరైనదని తేలాకే పెట్రోలు వైపు రండి. తాళం తిప్పగానే వెనుకనున్న పంపు టిక్ టిక్‌మని వేగంగా కొట్టి, కార్బురేటర్లు నిండాక ఆగాలి. అసలు కొట్టకపోతే పంపు లోపలి పాయింట్లు కాలి ఉండవచ్చు. ఆగకుండా కొడుతుంటే పైపులోకి గాలి దూరుతోంది, లేదా కార్బురేటర్‌లో పెట్రోలును ఆపే ఫ్లోట్ సూది మూసుకోవడం లేదు. ఆ తర్వాత ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఇన్‌టేక్ మానిఫోల్డ్ అతుకుల దగ్గర, థ్రాటిల్ ఇరుసుల చివర్ల దగ్గర కార్బ్ క్లీనర్ కొద్దికొద్దిగా చల్లండి. ఇంజిన్ వేగం మారిన చోట గాలి లీకవుతోందని అర్థం. వేడి సైలెన్సర్ పైపు పక్కనే చేసే పని కాబట్టి మంటలార్పే సీసా చేతికందేలా ఉంచుకోండి.

ఇక కార్బురేటర్లు. చోక్ లాగి, వాటి కింద పెట్రోలు వచ్చే రెండు జెట్లూ సమానంగా దిగుతున్నాయో లేదో, చోక్ నెట్టాక రెండూ పూర్తిగా పైకి వస్తున్నాయో లేదో చూడండి. ఒకటి దిగిపోయి ఇరుక్కుంటే ఇందాక నల్లబడిన జంటకు కారణం దొరికినట్టే. కార్బురేటర్ పైనున్న డాష్‌పాట్ అనే నూనె గిన్నెలో నూనె ఉందో లేదో చూడండి. మిశ్రమం తెలుసుకోవాలంటే ఇంజిన్ వేడెక్కాక ఒక కార్బురేటర్ లోపలి పిస్టన్‌ను ఒక మిల్లీమీటరుకు లోపే పైకెత్తండి: వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఇంజిన్ కుంగితే తక్కువ, క్షణం పెరిగి మళ్లీ స్థిమితపడితే సరిగ్గా ఉంది. జెట్ నట్టును ఒకసారికి దాని ఒక్క ముఖం (చుట్టులో ఆరో వంతు) చొప్పున మాత్రమే తిప్పాలి.

పొద్దున చక్కగా స్టార్ట్ అయి, ఎండలో పావుగంట ఆపితే మొండికేసే బండి సంగతి వేరు. ఇంజిన్ వేడికి ఫ్లోట్ గిన్నెల్లో పెట్రోలు మరిగి ఆవిరవుతుంది, ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఈ బాధ ఎక్కువ. అప్పుడు చోక్ ముట్టుకోకుండా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. కార్బురేటర్లకూ మానిఫోల్డ్‌కూ మధ్య ఉండే వేడి నిరోధక పలకను ఎవరైనా విప్పి తిరిగి బిగించకుండా వదిలేశారేమో కూడా చూడండి.