క్యాన్సర్ మందులు వాడుతున్న ఇంట్లో పసుపు ఎంతవరకు వాడొచ్చు

మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ అని తెలిసిన వారంలోనే ఇంటికి మూడు రకాల పసుపు వచ్చేసింది. గోదావరి లంకలో కొబ్బరితోట ఉన్న మావయ్య తోటలో తవ్విన పచ్చి పసుపు సంచినిండా పంపాడు, రాజోలు పిన్ని కర్క్యుమిన్ (పసుపులోంచి తీసిన సారం) క్యాప్సూల్స్ సీసా తెచ్చింది, ఎదురింటావిడ పసుపు, మిరియాలు, తేనె కలిపి నూరిన ముద్ద ఇచ్చి పరగడుపున పెట్టమంది. అందరిదీ ప్రేమే. ఏది వాడాలో ఏది పక్కన పెట్టాలో తెలీక మేం పడ్డ టెన్షన్ మీరు పడకూడదని రాస్తున్నాను.

కూరలో పసుపు ఆపకండి. పప్పులో, చేపల పులుసులో, కంద బచ్చలి కూరలో ఎప్పుడూ వేసేంత వేసుకోండి. కీమో రోజుల్లో అసలే నోటికి ఏదీ సయించదు, అలవాటైన రుచి ఉంటేనే రెండు ముద్దలు ఎక్కువ తింటారు. పసుపు మాత్రం పాలిష్ పెట్టని కొమ్ములు కొని దగ్గరుండి పట్టించుకోండి, విడిగా అమ్మే పొడిలో, నిగనిగలాడే పాలిష్ కొమ్ముల్లో రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపే మోసం ఉంది, అందులో ఉండేది విషమైన సీసం.

ఇక పసుపు క్యాన్సర్‌ని తగ్గిస్తుందా అన్న ప్రశ్న. పసుపులోని కర్క్యుమిన్ ల్యాబ్‌లో క్యాన్సర్ కణాల ఎదుగుదలని అడ్డుకుంటుందన్నది నిజం. కానీ పొడిలో అది ఉండేది నూటికి సుమారు 3 వంతులు, అందులోనూ రక్తంలోకి చేరేది చాలా తక్కువ. 2008లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్ ఉన్న 25 మందికి రోజుకి 8 గ్రాముల కర్క్యుమిన్ ఇస్తే ఇద్దరిలోనే ప్రభావం కనపడింది. 8 గ్రాములంటే మన పసుపు లెక్కలో రోజుకి పావుకిలో పైనే! కాబట్టి పసుపుని నమ్ముకుని కీమో గానీ ఆపరేషన్ గానీ వాయిదా వేయకండి, దయచేసి.

అసలు జాగ్రత్త పడాల్సింది క్యాప్సూల్స్ దగ్గర. సీసా మీద పైపరిన్ అనో మిరియాల సారం అనో ఉందేమో చూడండి. మిరియాల్లో ఉండే ఈ పైపరిన్ కలిస్తే కర్క్యుమిన్ ఒంటికి పట్టడం 20 రెట్లు పెరుగుతుందని 1998లోనే బెంగళూరు పరిశోధకులు చూపించారు, అందుకే కంపెనీలు కలుపుతాయి. అయితే మందుల్ని అరాయించే లివర్ ఎంజైముల పనిని కూడా పైపరిన్ మారుస్తుంది, దాంతో వేసుకుంటున్న మందు రక్తంలో పెరగొచ్చు, తగ్గొచ్చు. అమ్మ వాడేది టామాక్సిఫెన్ అనే రొమ్ము క్యాన్సర్ మాత్ర. దాని మీదే 2019లో నెదర్లాండ్స్‌లో పరిశోధన చేశారు, కర్క్యుమిన్, పైపరిన్ కలిపి ఇస్తే ఒంట్లో పనిచేసే మందు పాళ్లు 12 శాతం దాకా తగ్గాయి. ఇది చదివాక పిన్ని తెచ్చిన సీసా మూత తీయలేదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, ఆపరేషన్ దగ్గర పడినవాళ్లు ఈ క్యాప్సూల్స్ జోలికి అసలు పోవద్దు. వీటివల్ల లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి.

తెచ్చినవాళ్లని నొప్పించక్కర్లేదు. "పిన్నీ, డాక్టర్ గారికి చూపించి మొదలుపెడతాం" అనండి, సీసా లేబుల్ ఫొటో తీసుకుని నిజంగానే చూపించండి. డాక్టర్లు తమంతట తాము ఇంటి మందుల గురించి అడగకపోవచ్చు, మనమే చెప్పాలి, కషాయాలతో సహా.

పచ్చి పసుపు రసం కూడా కీమో సమయంలో వద్దు. మట్టిలోంచి తీసిన దుంప, తెల్ల రక్తకణాలు పడిపోయి ఉన్నప్పుడు ఉడికించకుండా లోపలికి పంపడం మంచిది కాదు.

అన్నిటికంటే ముఖ్యం జ్వరం. రెండో కీమో తర్వాత ఒక రాత్రి అమ్మకి ఒళ్లు కాలింది, చిన్నప్పటి నుంచి అలవాటైన పని కదా, పసుపు పాలు తాగించి పొద్దున చూద్దాంలే అనుకున్నాం. తెల్లారేసరికి వణుకు, కాకినాడ చేరేసరికి బీపీ పడిపోయింది, ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. కీమోలో ఉన్న మనిషికి జ్వరం 100.4 డిగ్రీలు వచ్చినా, దాటినా అది ఎమర్జెన్సీ. థర్మామీటర్ మంచం పక్కనే పెట్టుకోండి, ఆసుపత్రి నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి, అర్ధరాత్రి పిలిస్తే వచ్చే కారు డ్రైవర్‌తో ముందే మాట్లాడి ఉంచుకోండి.