తలుపు పగిలిన రోజు నుంచి లెక్క: ఫెడరల్ ఏజెంట్ల మీద క్లెయిమ్ వేయడం ఎలా

మా ఇంటి నంబరూ, మా వీధి పేరూ వెనక వీధిలో ఇంకో ఇంటికి కూడా ఉన్నాయి. తేడా చివరి మాటలోనే. వీధి పేరు చివర మాది "కోర్టు" (న్యాయస్థానం కాదు, వీధి రకం), వాళ్ళది "డ్రైవ్". డాలస్ చుట్టుపక్కల ఇలాంటి కాలనీలు కొల్లలు. నెలకోసారి వాళ్ళ పార్సిల్ మా గుమ్మంలో పడుతుంది, నేను చెప్పులేసుకుని వెళ్ళి ఇచ్చి వస్తాను. కిందటేడు మార్చిలో ఒక తెల్లవారుజామున మాత్రం పార్సిల్ బదులు, తలుపు బద్దలుకొట్టే ఇనప దుంగ పట్టుకుని ఏడుగురు ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ ఏజెంట్లు వచ్చారు.

పది నిమిషాల్లో పొరపాటు వాళ్ళకే అర్థమైంది. మా ఆయన చేతులకి బిగించిన ప్లాస్టిక్ పట్టీలు కత్తిరించి, "సారీ మ్యామ్" అని వెళ్ళిపోయారు. తలుపు చట్రం హాల్లో రెండు ముక్కలై పడి ఉంది. మా అత్తయ్య బాత్‌రూంలో గడియ వేసుకుని అరగంట దాకా బయటికి రాలేదు.

ఏ సంస్థో ఇక్కడ రాయను, నష్టపరిహారం కోసం వేసిన క్లెయిమ్ ఇంకా నడుస్తోంది. నేను లాయర్ని కూడా కాదు. పదిహేనేళ్ళుగా మనవాళ్ళకి టాక్సులు చేసిపెట్టే మనిషిని. ఫారాలంటే భయం లేదు, అంతే నా అర్హత.

ఆ రోజు మా వాట్సాప్ గ్రూపు ఊగిపోయింది. ఒకాయన 1993లో టెక్సస్‌లోని వేకోలో ఫెడరల్ ఏజెంట్లు ఒక మతవర్గం నివాసాన్ని ముట్టడించిన సంగతి ఎత్తాడు, ఇంకొకావిడ 2020లో పోర్ట్‌లాండ్‌లో మనుషుల్ని పేరు లేని వ్యాన్లలో ఎక్కించుకుపోయారని రాసింది. మా గ్రూపులో రెండు పార్టీల వాళ్ళూ ఉన్నారు, ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటారు. ఆ పూట మాత్రం అందరిదీ ఒకటే మాట: ఫెడరల్ వాళ్ళకి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. సాయంత్రానికి ఎవరో బర్త్‌డే పార్టీకి కేటరింగ్ నంబరు అడిగారు. కోపం అక్కడితో సరి. మా తలుపు మాత్రం అలాగే ఉంది.

ఇక పని సంగతికి వస్తాను.

వాళ్ళు వెళ్ళిన గంటలోపు మీరు శుభ్రం చేయకండి. ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం. మన ఆడవాళ్ళకి ఇల్లు అలా పడి ఉంటే చేతులు ఊరుకోవు, నేనూ చీపురు తీశాను. మా అమ్మాయి లాక్కుంది. ముందు ఫోటోలు. దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఇంకొకటి. మా చట్రం మీద దుంగ దిగిన గుంట 4 అంగుళాలు ఉంది. స్కేలు లేకపోతే అది ఫోటోలో ఏదో గీతలా కనపడేది.

తర్వాత డోర్‌బెల్ కెమెరా. ఆ వీడియో మీ ఫోన్లో ఉండదు, కంపెనీ సర్వర్లో ఉంటుంది. మీ ప్లాన్‌ని బట్టి కొన్ని రోజులకి అదే చెరిగిపోతుంది. వెంటనే దించుకుని రెండు చోట్ల దాచండి. టైము విషయంలో ఈ వీడియోయే మమ్మల్ని కాపాడింది. మా ఆయన అందరికీ "ఆరింటికి వచ్చారు" అని చెప్పేశాడు. వీడియోలో 5:52. ఎనిమిది నిమిషాలే కదా అనిపిస్తుంది. ఫెడరల్ సెర్చ్ వారంటు మామూలుగా ఉదయం 6 నుంచి రాత్రి 10 లోపే అమలు చేయాలి. వేరే వేళలో రావాలంటే జడ్జి కారణం చూసి ప్రత్యేకంగా ఒప్పుకోవాలి. వారంటు కాగితం మీద దీనికి రెండు గళ్ళుంటాయి, ఒకటి పగటికి, ఇంకొకటి ఏ వేళకైనా. ఎందులో టిక్కు ఉందో చూడాలి.

ఆ కాగితం మాకు చూపించారు కానీ ఇవ్వలేదు. నిబంధన ప్రకారం వెతికిన ఇంట్లో వారంటు నకలూ, తీసుకెళ్ళిన వస్తువుల రసీదూ ఇచ్చి వెళ్ళాలి. అడగండి. నాకు ఆ క్షణాన నోరు పెగల్లేదు. మొదట్లో కోర్టులో ఈ కాగితాలు సీలులో, అంటే ఎవరికీ చూపకుండా ఉంటాయి. సీలు తీశాక మా వారంటు పేసర్ అనే కోర్టు వెబ్‌సైటులో దొరికింది. పేజీకి 10 సెంట్లు, ఒక డాక్యుమెంటుకి 3 డాలర్లు దాటదు, మూడు నెలల్లో మీ బిల్లు 30 డాలర్లలోపు ఉంటే అదీ అడగరు. ముప్పై సెంట్ల పనికి నేను నాలుగు నెలలు ఎదురుచూశాను. టిక్కు పగటి గడిలో ఉంది. చిరునామా చివర డ్రైవ్ అని స్పష్టంగా ఉంది.

జాకెట్ల మీద పోలీస్ అని మాత్రమే ఉంటే మోసపోకండి. ఊరి పోలీసా, కౌంటీ షెరీఫా, ఫెడరల్ వాళ్ళా, లేక ముగ్గురూ కలిసిన టాస్క్‌ఫోర్సా అన్నది మొదట తేలాలి. దారులు వేరు. ఊరి పోలీసు హక్కులు తొక్కితే 1871 నాటి చట్టం ఒకటుంది, సెక్షన్ 1983 అంటారు. దాని కింద ఆ మనిషి మీదే దావా వేయొచ్చు. ఫెడరల్ ఏజెంటుకి అది వర్తించదు. బ్రూక్లిన్‌లో బివెన్స్ అనే ఆయన ఇంట్లో 1965లో మత్తుమందుల విభాగం ఏజెంట్లు వారంటు లేకుండా చొరబడితే, ఆయన కేసులో 1971లో సుప్రీంకోర్టు ఏజెంటు మీదే దావా వేసే ఒక దారి తెరిచింది. తర్వాత ఆ కోర్టే దాన్ని సన్నం చేసుకుంటూ వచ్చి 2022లో ఎగ్బర్ట్ కేసుతో దాదాపు మూసేసింది. కింద ఊరి కానిస్టేబుల్‌ని కోర్టుకి లాగొచ్చు, పైన ఫెడరల్ ఏజెంటుని లాగలేం. నా అసలు కోపం తలుపు మీద కాదు, ఇదిగో దీని మీద.

మిగిలిన దారి ఫెడరల్ టార్ట్ క్లెయిమ్స్ చట్టం, 1946ది. ఇందులో ఏజెంటు మీద కాదు, అమెరికా ప్రభుత్వం మీద క్లెయిమ్. 1973లో ఇల్లినాయిలోని కాలిన్స్‌విల్‌లో ఏజెంట్లు తప్పు ఇళ్ళ మీద పడ్డారు. ఆ గొడవ తర్వాత, 1974లో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఈ చట్టంలో ఒక ముక్క చేర్చింది: ఏజెంట్లు కొట్టినా, అన్యాయంగా నిర్బంధించినా కూడా ప్రభుత్వమే జవాబు చెప్పాలని. అప్పటి జనం కోపం ఊరికే పోలేదు.

ఈ క్లెయిమ్‌కి వాడే ఫారం ఎస్‌ఎఫ్-95. చూడ్డానికి ఒక పేజీ. నన్ను అడిగితే టాక్సు ఫారాలకంటే ఇదే ప్రమాదం, ఎందుకంటే టాక్సులో తప్పయితే సవరించుకోవచ్చు, ఇక్కడ గడువు దాటాక తప్పు తేలితే కేసే పోతుంది. ఘటన జరిగిన రెండేళ్ళలోపు ఇది ఆ సంస్థకి చేరాలి. పోస్టులో వేసిన తేదీ పనికిరాదు, వాళ్ళకి అందిన తేదీయే లెక్క. అందుకే సర్టిఫైడ్ మెయిల్, తిరుగు రసీదుతో. ఆ పచ్చ రంగు రసీదు కార్డు వెనక్కి వచ్చాక స్కాన్ చేసి దాచండి.

గడి 8లో ఏం జరిగిందో రాయాలి. నా మొదటి డ్రాఫ్టులో దౌర్జన్యం, అరాచకం, మానవత్వం అన్నీ ఉన్నాయి. మా అమ్మాయి చదివి "అమ్మా, ఇది ఎడిటోరియల్" అంది. రెండో డ్రాఫ్టు ఇలా మొదలైంది: "ఉదయం 5:52కి, వారంటులో లేని చిరునామాలో, ఏడుగురు ఏజెంట్లు తలుపు బద్దలుకొట్టారు." అంతకంటే కోపంగా రాయడం ఎవరికీ సాధ్యం కాదేమో.

అసలు ముళ్ళకంప గడి 12. ఆస్తి నష్టం ఎంత, శరీరానికి జరిగింది ఎంత, మొత్తం ఎంత. మొత్తం దగ్గర ఖచ్చితమైన అంకె పడాల్సిందే. "తర్వాత తెలుపుతాం" అని రాస్తే అసలు క్లెయిమ్ కిందే లెక్కకట్టరు. అంకెలతో బతికే నేనే ఈ తప్పు చేశాను! అత్తయ్య కౌన్సెలింగ్ ఇంకా సాగుతోంది కదా, మొత్తం ఎలా చెప్తాం అని ఖాళీ వదిలేశాను. ఉత్తరం తిరిగొచ్చింది. నాకు గడువు చాలా ఉంది కాబట్టి సరిపోయింది.

అంకె ఎంత వేయాలి? తలుపుకి రెండు చోట్ల వివరంగా, సంతకంతో అంచనాలు తీసుకోవాలి, ఆ సంగతి ఫారంలోనే ఉంది. మాకు 2,380 డాలర్లు ఒకరు, 2,915 డాలర్లు ఇంకొకరు చెప్పారు. తలుపు లేని ఇంట్లో పడుకోలేక హోటల్లో ఉన్న రెండు రాత్రులకి 318. ఇవి తేలిక. భయానికి అంకె వేయడమే కష్టం. మా ఆయన ఒక మిలియన్ వేయమన్నాడు, అత్తయ్య "దేవుడు చూసుకుంటాడు, సున్నా వెయ్యి" అంది. తర్వాత కోర్టుకి వెళ్తే, కొత్తగా బయటపడ్డ సాక్ష్యం ఏదైనా ఉంటే తప్ప, ఈ ఫారంలో అడిగినదానికంటే పైసా ఎక్కువ ఇవ్వరు. కాబట్టి మొహమాటపడి తక్కువ వేయకండి. నేను ఈ ఒక్క గడి కోసం 200 డాలర్లిచ్చి ముప్పావుగంట లాయర్‌తో మాట్లాడాను. ఆ 200 నాకు నొప్పనిపించలేదు. కేసే ఇచ్చేస్తే లాయరు ఫీజుకి చట్టంలోనే హద్దుంది: ఈ దశలో తేలితే వచ్చినదాంట్లో 20 శాతం, దావా వేశాక తేలితే 25.

ఇంకొకటి, ఒక్కొక్కరికీ వేరే ఫారం. ఇంటికి నాది, చేతులు కట్టినందుకు మా ఆయనది, అత్తయ్యది మూడోది. అత్తయ్య సంతకం తెలుగులోనే పెట్టింది.

ఫారం అందాక సంస్థకి ఆరు నెలల టైము. కాదని ఉత్తరం వస్తే, ఆ ఉత్తరం పోస్టు చేసిన తేదీ నుంచి మీకు ఆరు నెలలు, ఫెడరల్ కోర్టుకి వెళ్ళడానికి. అక్కడ జ్యూరీ ఉండదు, జడ్జి ఒక్కరే. బుద్ధి చెప్పేందుకు వేసే జరిమానాలూ ఉండవు. మాలాంటి కేసే ఒకటి అట్లాంటా దగ్గర 2017లో జరిగింది, ఎఫ్‌బీఐ వాళ్ళు తప్పు ఇంట్లోకి వెళ్ళారు. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఒకటై ఆ కుటుంబానికి ఇంకో అవకాశం ఇచ్చి కింది కోర్టుకి పంపారు. గెలిచారని కాదు, తలుపు తెరిచే ఉంచారు. ఏజెంటు తన విచక్షణతో చేసిన పని అంటూ ప్రభుత్వం తప్పించుకునే సందు ఇంకా ఉంది.

దీంతోపాటే ఫోయా అర్జీ పెట్టండి, సమాచారం కోసం, 1966 చట్టం. తేదీ, టైము, చిరునామా ఇచ్చి, ఒంటిమీది కెమెరా వీడియో, ఆపరేషన్ ప్లాను కావాలని విడివిడిగా అడగాలి. 20 పనిదినాల్లో జవాబివ్వాలని చట్టం, చాలావరకు వచ్చేది "మీ అర్జీ అందింది" అన్న ఉత్తరమే. నాకు చివరికి 61 పేజీలొచ్చాయి, సగం నల్ల సిరా. కానీ ఒక పేజీలో వీధి పేరు తప్పుగా టైపు చేసి ఉంది. దాన్ని చెరపడం మర్చిపోయారు.

మీ కాంగ్రెస్ సభ్యుడి లోకల్ ఆఫీసుకి కూడా ఫోన్ చేయండి. సిటిజెన్ కాకపోయినా ఆ నియోజకవర్గంలో ఉంటే మాట్లాడతారు. ప్రైవసీ ఫారం సంతకం చేసిస్తే వాళ్ళే సంస్థకి రాస్తారు. నాలుగు నెలలు పలకని సంస్థ నుంచి మాకు వాళ్ళ ఉత్తరంతో పదకొండు రోజుల్లో జవాబొచ్చింది.

హెచ్‌-1బీ పిల్లలు చాలామంది అడుగుతున్నారు కాబట్టి రెండు మాటలు. సిటిజెన్ కాని 18 ఏళ్ళు దాటిన వాళ్ళు తమ రిజిస్ట్రేషన్ కాగితం ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని చట్టం. చాలామందికి అది ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు) లేదా గ్రీన్‌కార్డు. ఇమిగ్రేషన్ వాళ్ళు తెచ్చే ఐ-200 (అరెస్టుకి), ఐ-205 (దేశం నుంచి పంపేయడానికి) కాగితాల మీద సంతకం ఆ శాఖ అధికారిదే, జడ్జిది కాదు. కోర్టులు చాలాకాలంగా ఇంటి గడప దాటాలంటే జడ్జి వారంటో, మీ ఒప్పుకోలో ఉండాలనే చూస్తున్నాయి. కాబట్టి కాగితాన్ని కిటికీలోంచి చూపించమనండి. అయినా లోపలికి వస్తే, "నేను ఒప్పుకోలేదు" అని నోటితో అనండి, చెయ్యి మాత్రం అడ్డం పెట్టకండి. చెయ్యి తగిలితే కేసు మీ మీదకి తిరుగుతుంది. అబద్ధం అసలే వద్దు, ఫెడరల్ ఏజెంటుకి కీలకమైన విషయంలో కావాలని అబద్ధం చెప్తే ఐదేళ్ళ దాకా జైలు. మాట్లాడను అనడం నేరం కాదు.

మాకు ఈ నెల మొదట్లో ఒక ఆఫర్ వచ్చింది. 2,380 డాలర్లు, చిన్న అంచనా ఎంతుందో అంతే. హోటల్ ఖర్చు లేదు, మా ఆయన చేతులు కట్టినందుకు ఏమీ లేదు. సంతకం పెడితే నా క్లెయిమ్ అంతటితో ముగిసినట్టే, మళ్ళీ అడగడానికి లేదు. ఉత్తరం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. పాత చట్రం రెండు ముక్కలూ గ్యారేజీలో ఉన్నాయి, మాస్కింగ్ టేపు మీద తేదీ రాసి అంటించాను. వాటి మూలంగా కారు బయటే పెట్టాల్సొస్తోందని మా ఆయన వారానికోసారి గొణుగుతూనే ఉంటాడు.